బరువు లేని కెమెరా

జనవరి 11

తమ్ముడూ,

ఇక్కడ అందరం బాగున్నాం. ఆ మాట ముందే రాసేస్తున్నాను. నా చేతిరాత చూడగానే నీ గుండె జారిపోతుందని నాకు తెలుసు.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటంటావా? మా ఇల్లు నీకు తెలియనిదా? ముందు గదిలో స్టూడియో, వెనక గదిలో మేము, మధ్యలో ఒక చెక్క అడ్డం. నేను తుమ్మితే మీ బావ క్యాసెట్‌లో పడుతుంది. ఆయన చెవిన పడకూడని మాట ఏదైనా కాగితంతోనే చెప్పుకోవాలి.

చిట్టి పెళ్లి కుదిరిందని నువ్వు చెప్పినప్పటి నుంచి నా ప్రార్థనంతా దాని చుట్టూనే తిరుగుతోంది. మీ బావ ఆ మధ్యాహ్నమే కెమెరాను బల్ల మీదికి దింపి మెత్తటి గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. "మేనకోడలు మొదటి అడుగు తీసింది ఇదే. దాని పెళ్లీ ఇదే తీస్తుంది" అన్నారు. నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

ఎందుకంటే ఆ కెమెరా ముసలిదైపోయింది. లోపల క్యాసెట్ మీద బొమ్మ ఎక్కించే తల అరిగిపోయిందని, ఎప్పుడు ఆగిపోతుందో చెప్పలేనని బాగుచేసే ఆయన అన్నాడు. క్యాసెట్లు కూడా దొరకడం లేదు. మొన్న ఒకళ్లు పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చి, "డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీస్తారా? వెనకదంతా మసగ్గా వస్తుంది కదా, అలా?" అని అడిగారు. ఈయన ఊరుకుంటారా? "మసగ్గా కావాలంటే నేనెందుకండీ? కళ్లద్దాలు తీసి చూసుకోండి" అన్నారు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లారు, మళ్లీ రాలేదు.

నువ్వు ఆ పనిలోనే ఉన్నవాడివి. ఫంక్షన్లు తియ్యడానికి ఏది మేలో నాకు అర్థమయ్యే మాటల్లో రాయి. చిట్టి పెళ్లి మధ్యలో ఆ పాతది ఆగిపోతే మీ బావ తట్టుకోలేరు. నేను అడిగినట్టు మాత్రం తెలియనివ్వకు.

నీ మీద బెంగతోనూ నమ్మకంతోనూ,
అక్క

జనవరి 20

అక్కా,

నువ్వు చెప్పినా నా గుండె జారింది. నీ రాత చూస్తే ఇప్పటికీ మార్కుల కాగితం చూసినట్టే ఉంటుంది.

అడిగావు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటోల కోసం పుట్టింది, వీడియో దానికి తర్వాత అబ్బిన విద్య. అయినా అబ్బాక గురువును మించిపోయింది. వెలుతురు తక్కువున్న హాల్లో కూడా బొమ్మ కడిగినట్టు వస్తుంది. లెన్సులు మార్చుకోవచ్చు. అరచేతిలో ఇమిడిపోతుంది. ఇక లోపాలంటావా, అరగంట కాగానే తనంతట తనే ఆగిపోతుంది, వేడెక్కితే అలుగుతుంది, మాటలు సరిగా పట్టుకోదు. పాత వీడియో కెమెరాకు ఈ గొడవలేవీ లేవు. ఎడ్లబండిలా అలా పోతూనే ఉంటుంది. కానీ అక్కా, ఎడ్లబండి ఎంత మంచిదైనా ఇప్పుడు దాంట్లో పెళ్లికి ఎవరూ రావడం లేదు.

బావగారి దగ్గరే నేను ఈ పని నేర్చుకున్నాను. ఆయన నిలబడి తీస్తే గోడకు మేకు కొట్టినట్టు ఉండేది బొమ్మ. అలాంటి చేతికి ఈ కెమెరా ఇస్తే ఎలా ఉంటుందో చూడాలని నాకే ఆశగా ఉంది. మా స్టూడియోలో ఖాళీగా ఉన్నదొకటి పార్సిల్ చేస్తున్నాను. అలవాటు చేసుకోమను. చిట్టి పెళ్లి దీంతోనే తియ్యాలి. ఆ పాతదాన్ని భుజాన వేసుకుని వస్తే పెళ్లికొడుకు తరఫువాళ్లు ఫిరంగి అనుకుని పారిపోతారు!

చిట్టి ముద్దులు పంపింది.

తమ్ముడు

ఫిబ్రవరి 2

తమ్ముడూ,

పార్సిల్ భద్రంగా చేరింది. లోపల చుట్టిన నీ చొక్కా ఉతికి దాచాను. పనిమంతుడివే గానీ, మంచి చొక్కా అలా చుట్టేస్తారా ఎవరైనా?

కెమెరా సంగతి ఏం చెప్పను? మీ బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఒక్కసారి కంటి దగ్గర పెట్టుకున్నారు. వెంటనే దించేసి పెట్టెలో పెట్టేశారు. "ఇది ఆటబొమ్మ. ఇందులో బరువేది?" అన్నారు. "బరువెందుకండీ, తేలిగ్గా ఉంటే మంచిదే కదా" అన్నాను. "నీకు తెలియదులే" అన్నారు. ఆయన ఇదివరకెప్పుడూ నాతో ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు.

నీ ఉత్తరంలో నేను అడిగిన సంగతి దాటేసి, మిగతాది చదివి వినిపించాను. అదే నా పొరపాటు. ఫిరంగి మాటకు ముందు పెద్దగా నవ్వారు. తర్వాత అన్నం తినేటప్పుడు, "పెళ్లివాళ్ల ముందు నా కెమెరా చూసి సిగ్గుపడుతున్నాడన్నమాట" అన్నారు. నువ్వు ఆట పట్టించావని చెప్పాను. విన్నారో లేదో.

పాతదాంతోనే మొన్న ఒక బడి వార్షికోత్సవం తీసి వచ్చారు. నేను కూడా వెళ్లాను. ఆయన ఎప్పుడూ జనం మధ్యలో నడుస్తూ తీసే మనిషి కదా, ఈసారి మొదటి నుంచి చివరి దాకా ఒక స్తంభానికి ఆనుకునే నిలబడ్డారు. అలసట కాబోలు. క్యాసెట్ పెట్టడం కూడా నన్నే చెయ్యమంటున్నారు, కళ్లు ఆనడం లేదట. టీ గ్లాసు సగమే నింపమంటున్నారు. వయసు మీద పడుతోంది తమ్ముడూ. కంటి డాక్టరు దగ్గరికి వెళదామంటే మాట మారుస్తారు.

నువ్వే ఆయనకు ఒక మంచి మాట రాయి.

అక్క

ఫిబ్రవరి 10

అక్కా,

మంచి మాట రాద్దామనే కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏ వస్తువుతో అన్నం తింటున్నానో దాన్ని ఆయన బొమ్మ అన్నారు. నేను వేళాకోళంగా ఫిరంగి అన్నాను, ఆయన నిజంగానే బొమ్మ అన్నారు. ఎవరి మాట ఎక్కువ గుచ్చుకోవాలి?

నా ఇబ్బంది కూడా విను. పెళ్లి ఖర్చుల్లో వీడియో మాది అని వాళ్లకు మాట ఇచ్చాను. పెళ్లికొడుకు ఫోను చేసి, "అంకుల్, మీ స్టూడియో పనితనం చూశాను, అలాగే తీస్తారు కదా" అన్నాడు. తీసేది మా బావగారు అని గొప్పగా చెప్పాను. ఇప్పుడు ఆయన కొత్తదాన్ని ముట్టుకోనంటే నేను ఏ మొహం పెట్టుకుని వాళ్లకు కనపడను?

ఒక్క పని చెయ్యమను. ఏదైనా సరే, అయిదు నిమిషాలు తీసి అందులోని మెమరీ కార్డు పంపమను. అదీ కుదరదంటే మా స్టూడియోవాళ్లనే పెట్టుకోక తప్పదు. నాకు ఆయన కావాలి అక్కా, ఆయన మొండితనం కాదు.

టీ సగం గ్లాసు సంగతి బాగుంది. ఇక్కడ మీ మరదలు నాకు ఎప్పుడూ సగమే ఇస్తుంది, వయసుతో పని లేకుండా.

తమ్ముడు

ఫిబ్రవరి 19

తమ్ముడూ,

కార్డు ఈ ఉత్తరంలోనే దూదిలో చుట్టి పెట్టాను. జాగ్రత్తగా విప్పు.

ఎలా ఒప్పించానని అడగకు. స్టూడియోవాళ్లను పెట్టుకుంటావన్న మాట చెప్పేశాను. ఆయన లేచి, పెట్టె తెరిచి, "పెరట్లోకి పద" అన్నారు. నేను బట్టలు ఆరేస్తుంటే తీశారు. నా పాత చీర, జారిపోయిన జుట్టు, నోట్లో క్లిప్పులు! నీ స్టూడియోలో నలుగురికీ చూపించకు నాయనా, నా పరువు నీ చేతిలో ఉంది.

తీశాక ఏం వచ్చిందో ఆయన చూసుకోలేదు. ఇన్నేళ్లలో తను తీసింది తను చూసుకోకుండా పంపడం ఇదే మొదటిసారి. "పంపెయ్, వాడే చూస్తాడుగా" అని బయటికి వెళ్లిపోయారు.

బాగా లేకపోయినా బాగుందని రాయి. దేవుడు ఆ అబద్ధాన్ని నా మీద వేసుకోనిస్తాడు.

అక్క

ఫిబ్రవరి 27

అక్కా,

కార్డు చూశాను. బాగుందని రాయమన్నావు. రాస్తే రేపు పెళ్లిలో ఏడవాల్సింది నేను.

బొమ్మంతా ఈదుతోంది. తీగ మీద చీర నిలకడగా ఉంది, కెమెరా లేదు. ఇది చేతకానివాడు తీసిన తీరు కాదు. ఎక్కడ నిలబడాలో, నీ మొహం మీదికి వెలుతురు ఎటు నుంచి రావాలో అంతా బావగారి తీరే. చెయ్యి మాత్రం ఆయనది కాదు. ఎవరికీ చూపించొద్దన్నావు గానీ, నా వెనక నిలబడి మా ఓనరు చూశాడు. "ఎవరయ్యా, మందు కొట్టి తీశాడా?" అన్నాడు. వాడి మీద కోపం వచ్చింది. తర్వాత నాకే అనుమానం వచ్చింది.

అక్కా, నా దగ్గర దాచకు. బావగారు తాగుతున్నారా? స్తంభానికి ఆనుకోవడం, మాట మార్చడం, నీ మీద విసుక్కోవడం అన్నీ కలిపి చూస్తే నాకు వేరేది తోచడం లేదు. నువ్వు ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోతున్నావేమో అని నాకు నిద్ర పట్టడం లేదు.

పెళ్లి తియ్యడానికి మా స్టూడియోవాళ్లకు చెప్పేశాను. బావగారిని మొదటి వరసలో పెద్దమనిషిలా కూర్చోమను. చిట్టికి ఇంకా చెప్పలేదు.

నీ తమ్ముడు

మార్చి 6

తమ్ముడూ,

నీ ఉత్తరం నాకంటే ముందు ఆయన చేతిలో పడింది. నేను ప్రార్థనలో ఉన్నాను. కెమెరా సంగతేనని విప్పారు. నేను లేచి వచ్చేసరికి కాగితం మడిచి బల్ల మీద పెట్టి, పాత కెమెరాను పెట్టెలో సర్దుతున్నారు.

నేనూ తీసి చదివాను. "వాడు చిన్నవాడు, తెలియక రాశాడు" అంటూ ఏదో సర్దబోయాను. ఆయన నా వైపు తిరగకుండా, "తాగుతున్నాననే రాయి వాడికి. అదే మేలు" అన్నారు.

తమ్ముడూ, జీవితంలో చుక్క ముట్టని మనిషి, తాగుబోతన్న మాట మేలు అంటున్నాడంటే, దాని వెనక ఇంకెంత పెద్దది దాస్తున్నాడో అనిపించింది. దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. కుడిచెయ్యి ఒళ్లో దాచుకున్నారు. పట్టుకుని బల్ల మీద పెట్టి, దాని మీద నా చెయ్యి వేశాను. గుప్పిట్లో పిచ్చుకను పట్టుకున్నట్టు ఉంది. ఆగడం లేదు.

కిందటి వానాకాలం నుంచట. క్యాసెట్ పెట్టలేకపోవడం, సగం గ్లాసు టీ, స్తంభం, అన్నీ అదే. నేనేమో కళ్లనుకున్నాను. పక్కనే ఉండి నేనే చూడలేదు, దూరాన ఉన్న నిన్ను ఏమనను?

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "పాతది భుజం మీద కూర్చుంటుందే. దాని బరువంతా ఒంటి మీద పడుతుంది. బరువుంటే చెయ్యి మాట వింటుంది. ఈ కొత్తదాన్ని ఉత్త చేతుల్లో పట్టుకోవాలి. నా చెయ్యి ఎంత వణికితే అదీ అంతే వణుకుతుంది. అది బొమ్మ అని కాదు, నాకు సాక్షి అని భయం."

నీకు రాయొద్దన్నారు. "చెయ్యి పోయిందంటే జాలిపడి పిలుస్తాడు, నాకొద్దు" అన్నారు. నేను ఇన్నాళ్లలో ఆయన మాట కాదన్నది తక్కువ. ఈ మాట కాదన్నాను. నా తమ్ముడి మనసులో ఆయన తాగుబోతుగా ఉండడం నేను మొయ్యలేను.

ఎల్లుండి డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. నాకు చాలా భయంగా ఉంది.

అక్క

మార్చి 12

అక్కా,

ఏం రాయాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను.

ఆ కార్డు మళ్లీ చూశాను. చూడాల్సింది చూడకుండా, లేనిది చూశాను. ఎడిటింగ్ చేసేవాడినని చెప్పుకుంటాను మళ్లీ. బావగారి కాళ్లు నా బదులు నువ్వు పట్టుకో. వద్దులే, పెళ్లిలో నేనే పట్టుకుంటాను.

మా స్టూడియోవాళ్లకు రావద్దని చెప్పేశాను. పెళ్లికొడుకుతో కూడా మాట్లాడాను. మంచి పిల్లాడు, "మీ ఇష్టం అంకుల్" అన్నాడు. ఆ గొంతులో ఇష్టం లేదనుకో, అది వేరే సంగతి. చిట్టికి అంతా చెప్పాను. "మావయ్య చెయ్యి వణికితే వణకనీ నాన్నా, ఆరోజు నేనూ వణుకుతూనే ఉంటాను కదా" అంది.

కానీ పని ఎలా జరుగుతుందో నాకు తోచడం లేదు. పాతదాన్ని బాగుచేసేవాళ్ల కోసం ఇక్కడంతా తిరిగాను, ఆ తల ఇక దొరకదు. కొత్తదాన్ని స్టాండు మీద పెట్టొచ్చు, కానీ బావగారిని ఒక మూల పాతేసినట్టు ఉంటుంది. ఆయనేమో నడిచే మనిషి. మధ్యలో ఏదైనా జరిగితే వాళ్ల ముందు ఆయన తలదించుకోవాలి. ఆ భయమే నాకు.

డాక్టరు ఏమన్నాడు? వెంటనే రాయి.

తమ్ముడు

ఏప్రిల్ 3

తమ్ముడూ,

ఆలస్యానికి ఏమనుకోకు. రాయడానికి మంచి మాట ఒకటి దొరికే దాకా ఆగాను.

ముందు చెడ్డది. ఇది తగ్గే జబ్బు కాదట. మందులతో నెమ్మదిస్తుంది, కానీ పెరుగుతూనే ఉంటుందట. ఎంత తొందరగా అని అడిగితే, "ఒక్కొక్కరికి ఒక్కోలా అమ్మా" అన్నాడు డాక్టరు. పైగా పాత కెమెరా కూడా పోయింది. ఒక సభ తీస్తుండగా గీతలు గీతలుగా వచ్చి ఆగిపోయింది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి రెండు రోజులు దాని వైపు చూడలేదు.

మూడో రోజు పొద్దున నేను ప్రార్థన ముగించి వచ్చేసరికి దాని కంటి గొట్టం, అదే కన్ను ఆనించి చూసేది, ఊడదీసి బల్ల మీద పెట్టారు. విప్పి అమ్మేస్తున్నారేమో అని నాకు ఏడుపొచ్చింది. "ఏడవకు, సైకిళ్లు బాగుచేసేవాడి దగ్గరికి పద" అన్నారు. కంటి గొట్టం ఉన్న చోట ఒక ఇనప పట్టీ బిగించి, దాని మీద నువ్వు పంపిన చిన్నదాన్ని కూర్చోబెట్టించారు. పాతదాంట్లో బ్యాటరీ కూడా తియ్యలేదు. "చచ్చినా బరువు ఇస్తోంది, ఉండనీ" అన్నారు.

అలా రెంటినీ భుజానికి ఎత్తుకుని, పాతదాని పక్కనుండే తోలు పట్టీలో కుడిచెయ్యి దూర్చి వీధి చివర దాకా నడిచారు. చేతిని బరువు అదిమి పట్టుకుంది. పిల్లలు వెంటపడ్డారు. బట్టలు కుట్టే ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఏమండోయ్, ఏనుగు మీద కోతి ఎక్కిందే!" అని అరిచింది. మీ బావ ఆగకుండా, "కోతే తీసేది, ఏనుగు ఊరికే మోస్తుంది" అన్నారు. ఎన్నాళ్లకో అలా గట్టిగా మాట్లాడారు.

కార్డు పంపుతున్నాను. ఈసారి ఆయనే చూసి పంపమన్నారు.

ఇంక నా పని. ఆ చిన్నది అరగంటకు ఆగిపోతుందన్నావు కదా. తీసేటప్పుడు ఆయన చూపంతా మనుషుల మీదే, తెర మీది ఎర్ర చుక్క ఆరితే గమనించరు. అందుకని నేను వెనకే నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచుతాను. చుక్క ఆరగానే తడతాను, మళ్లీ బటన్ నేనే నొక్కుతాను. ఇంట్లో చేసి చూశాం. రెండుసార్లు నేను తట్టడం మర్చిపోయాను. అప్పటి నుంచి నాకు కలలో కూడా ఎర్ర చుక్కే. పెళ్లి రోజున మర్చిపోకుండా చూడమని దేవుణ్ణి వేరే అడుగుతున్నాను.

అక్క

మే 9

అక్కా,

మీరు బస్సెక్కినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంది. చిట్టి అత్తవారింటి నుంచి పొద్దున, సాయంత్రం ఫోను చేస్తోంది. మీ మరదలు నాకు టీ నిండుగా ఇస్తోంది, దిగులుతో కొలత మర్చిపోయింది.

పెళ్లి వీడియో ఎడిటింగ్‌కు కూర్చున్నాను. హాల్లో మిమ్మల్ని చూసి పెళ్లికొడుకు స్నేహితులు నవ్వడం నేనూ చూశాను. ఇప్పుడు బొమ్మ చూస్తుంటే ఆ నవ్వు ఎక్కడా లేదు. వేదిక మెట్లెక్కుతూ తీసింది కూడా గోడకు మేకు కొట్టినట్టే ఉంది. మా ఓనరు వెనక నిలబడి, "ఎవరయ్యా ఈయన, మనకు పనికి వస్తాడా?" అన్నాడు. "రాడు, ఆయనది సొంత కంపెనీ, ఇద్దరు పనివాళ్లు" అన్నాను.

ఒక్క చోట మాత్రం కదిలింది. కారు ఎక్కబోతూ చిట్టి వెనక్కి తిరిగి, నేరుగా కెమెరాలోకి చూసి "వస్తాను మావయ్యా" అంటుంది కదా, అక్కడ. మా స్టూడియోవాళ్లు అది కత్తిరించమన్నారు. నేను మళ్లీ మళ్లీ చూశాను. చెయ్యి వణికితే బొమ్మ సన్నగా, గబగబా కదులుతుంది. ఇది అలా లేదు. మెల్లగా పైకీ కిందికీ ఊగింది. అది చెయ్యి కాదు, భుజం. బావగారు ఏడ్చారు. నాకు తెలిసి ఎక్కడా కంటతడి పెట్టని మనిషి నా కూతురి కోసం ఏడ్చారు.

దాన్ని కత్తిరించలేదు. ఈసారి నేను సరిగ్గానే చూశాను కదా అక్కా?

తమ్ముడు

మే 17

తమ్ముడూ,

ఉత్తరం మీ బావకు చదివి వినిపించాను, ఏ మాటా దాటెయ్యకుండా. సొంత కంపెనీ మాటకు చాలాసేపు నవ్వారు. నవ్వుతుంటే టీ ఒలికింది. ఇద్దరం తుడుచుకున్నాం. మందు వేసుకుంటున్నారు. వచ్చే నెలకు ఒక పెళ్లి ఒప్పుకున్నారు, ఆపై నెల సంగతి అడిగితే "అప్పుడు చూద్దాం" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం చివుక్కుమంటుంది. ఉన్నన్నాళ్లు వెనక నిలబడతాను, అంతే కదా.

నువ్వు అడిగినదానికి జవాబు. అక్కడ ఏడ్చింది ఆయన కాదు, నేను. ఆయన చెట్టులా నిలబడే ఉన్నారు. ఆయన భుజం మీద నా చెయ్యి ఉంది కదా, అది నా మాట వినలేదు. దాంతో ఆయన భుజమూ కదిలింది.

ఈ సంగతి రాస్తానంటే మీ బావ వద్దన్నారు. "వాడు ముచ్చటపడ్డాడు, ఆ ఏడుపు నా పేరు మీదే ఉండనీ" అన్నారు. లేనిపోనివి మీద వేసుకోవడం ఆయనకు అలవాటైపోయింది. అందుకే రాస్తున్నాను.

కత్తిరించకు.

అక్క